దారం తెగకుండా మూసిన కిటికీ

“గొంతుల నూలు దుమ్ము పడ్డది. బెల్లం తింటే దిగుతది. దీనికి దవాఖాన ఎందుకు?”

“మూడు నెలల సంది బెల్లమే తింటున్నవ్ గదా అవ్వా. దిగిందా మరి?”

“సిరిసిల్లల దగ్గని ఇల్లు ఏది? నీ తమ్ముణ్ణి సాంచాలు బందు వెట్టుమను, దగ్గు గూడ బందయితది.”

“తమ్ముడు దగ్గుతడు గని చిక్కిపోలే. నువ్వు రవికెలు వదులైనయని రెండుసార్లు కుట్టు లోపలికి వేసుకున్నవ్. నాకు కనవడదనుకున్నవా?”

ఆ మాట అన్నది నా బిడ్డ సుజాత. కోరుట్ల నుంచి రెండు రోజులు ఉండి పోదామని జూన్ ఆఖరున వచ్చింది. రవికెల సంగతి నిజమే. కొత్తవి కుట్టించుకోవడం దండగని నేనే చేత్తో కుట్టు వేసుకున్నాను. మనిషి ఎందుకు తగ్గుతున్నదని ఆలోచించలేదు, బట్ట ఎట్లా సరిపోతుందని ఆలోచించాను. నా బుద్ధి ఎప్పుడూ అటే పోతుంది.

మా ఇల్లు సిరిసిల్లలో. ఇంటి వెనుక రేకుల కార్ఖానాలో నాలుగు మరమగ్గాలున్నాయి. వాటినే మేం సాంచాలంటాం. కొడుకు రమేశ్ వాటిని నడుపుతాడు. నేను ఒక మూలకు కూర్చుని కండెలకు నూలు చుడతాను. కాటన్ నూలు కాబట్టి రోజంతా దుమ్ము లేస్తుంది, కనురెప్పల మీద కూడా తెల్లగా పడుతుంది. సాయంత్రం పని కాగానే ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలి. దుమ్ము బెల్లానికి అంటుకుని కడుపులోకి పోతుందని మా అత్త చెప్పేది. నలభై ఏళ్లు తిన్నాను. నా పక్కన కూర్చున్నవాళ్లకూ పెట్టాను. నా పక్కన రోజూ కూర్చునేది అమూల్య, ఆరేళ్ల పిల్ల. వెనుక నేను కిరాయికి ఇచ్చిన మూడు గదుల్లో నడిమి దాంట్లో ఉండే రేణుక కూతురు. అదీ దగ్గేది. దానికీ బెల్లమే పెట్టాను.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఇది నా చేత్తోనే రాశాను, తప్పులు మనవరాలు దిద్దింది. జబ్బు ముదరడం ఆగింది, మందు ఇంకా నడుస్తున్నది. నా లెక్కనే ఇంకెవరైనా బెల్లం తింటూ కూర్చుంటారేమోనని రాస్తున్నాను. దగ్గు రెండు వారాలు దాటితే లేచి పోండి. దుమ్ము అని అనుకోవద్దు. దుమ్ము దగ్గు వేరు, ఇది వేరు. తేడా నాకూ తెలియలేదు, మీకూ తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

జూలై

సుజాత నన్ను కోరుట్ల తీసుకుపోయింది. అక్కడి నుంచి జగిత్యాల సర్కారు దవాఖానకు. సిరిసిల్లలో దవాఖాన లేక కాదు. అక్కడ మా గల్లీ వాళ్లు ఎవరైనా చూస్తారని నేనే వద్దన్నాను.

వరండాలో బెంచీల మీద అందరం మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాం. ఒకరు దగ్గితే తక్కినవాళ్లు వాళ్ల వైపు చూస్తారు, తర్వాత తామూ దగ్గుతారు. నేను అందరి చేతులూ చూశాను. ఎవరి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, ఎవరివి ఆగుతున్నాయి అని. నా కంటే సన్నటివాళ్లు నలుగురు కనిపించారు. ధైర్యం వచ్చింది. అది పాపపు ధైర్యమే.

బుగ్గారం నుంచి వచ్చిన ఒకామె తలుపు దగ్గర కూర్చుని ఉంది. కూలికి పోయే మనిషి, మొగుడికి పరీక్ష. నన్ను చూసి లేచింది. “ఇక్కడ గాలి ఆడుతది, కూసో పెద్దమ్మా” అని తన చోటు ఇచ్చి, తాను గోడకు ఆనుకుని నిలబడింది. మధ్యాహ్నం దాకా నిలబడే ఉంది. పేరు అడగాలని నాకు తోచలేదు.

చిన్న డబ్బాలో కళ్లె ఇచ్చాను. ఎక్స్‌రే తీశారు. రెండోసారి పోయినప్పుడు నర్సు కాగితం చూసి టీబీ అని చెప్పింది, ఆరు నెలలు మందు మింగితే తగ్గుతుందని చెప్పింది. సుజాత ఏడ్చింది. నేను ఏడవలేదు, ఎట్లా వచ్చిందని అడిగాను.

“గాలిల వస్తదమ్మా. గాలి ఆడని అర్రల తొందరగా వస్తది. మీ ఇంట్ల కిటికీలున్నయా?”

ఉన్నాయని చెప్పాను. నా గదికి రెండున్నాయి. అడిగింది నా గురించే అనుకున్నాను.

బస్సులో రమేశ్‌కు ఫోన్ చేశాం. వాడు ఎవ్వరికీ చెప్పొద్దన్నాడు. పనికి వచ్చేవాళ్లు బెదిరిపోతారు, సాంచాలు ఆగుతాయి అన్నాడు. అప్పుడు నేను కూడా అదే అనుకున్నాను. అప్పటికప్పుడు బస్సులోనే నా జబ్బుకు మోకాళ్ల నొప్పులని పేరు పెట్టుకున్నాను. సిరిసిల్లలో అందరికీ అదే చెప్పమన్నాను.

ఆగస్టు, సెప్టెంబర్

కోరుట్లలో నాకు ముందరి గది ఇచ్చారు. అల్లుడు మంచివాడే. ఆ గదిలో ఉన్న టీవీని మాత్రం ఆ రోజే లోపలికి తీసుకుపోయాడు. నా గిన్నె, నా గ్లాసు వేరు. వేరు పెట్టుమన్నది నేనే, అయినా ఇంకెవరో వేరు పెట్టినట్టు బాధపడ్డాను.

మొదటి వారం మందుకు కడుపులో తిప్పేది. అన్నం వాసన పడేది కాదు. ఒకరోజు పొద్దున మూత్రం కుంకుమ నీళ్లలా ఎర్రగా వచ్చింది. ఇక అయిపోయింది అనుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం ఆశ కార్యకర్త వచ్చి, అది మందు రంగు, రాకపోతేనే భయపడాలి అని నవ్వింది. ఈ ముక్క ముందే చెబితే ఒక పూట గోడ పట్టుకునేదాన్ని కాదు కదా అన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. భయపడకండి, అది మందు రంగు.

పని లేకుండా కూర్చోవడం నాకు చేతగాదు. చేతులు కండె కోసం వెతికేవి. సుజాత కూతురు సహజ జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నది. సాయంత్రం గుమ్మం బయట కుర్చీ వేసుకుని, మూతికి మాస్క్ పెట్టుకుని, పరీక్షకు పైకి చదివేది. నాకు వినిపిస్తే తనకు గుర్తుంటుందని అనేది. నాకు పొద్దు పోవాలనేనని నాకు తెలుసు.

ఒకరోజు ఇంగ్లండ్ దేశంలో బీదవాళ్ల ఇండ్ల గురించి చదివింది. విక్టోరియా రాణి కాలమట. నేను ఆపమన్నాను. రాణి ఉన్న దేశంలో బీదవాళ్లు ఎందుకున్నారని కాదు, అది ఎక్కడైనా ఉండేదే. వాళ్ల ఇల్లు ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని అడిగాను.

సహజ పుస్తకంలో వెతికింది. ఒక్క గదిలో ఎనిమిది మంది, తొమ్మిది మంది ఉండేవాళ్లట. ఒక ఇంటి వీపుకు ఇంకో ఇల్లు ఆనించి కట్టేవాళ్లట. వెనుక గోడ ఒకటే, పక్క గోడలు ఒకటే, ముందు మాత్రమే తలుపు. మరి పొయ్యి పొగ ఎటు పోయేది, తడి బట్టలు ఎక్కడ ఆరేసేవాళ్లు అని అడిగాను. లోపలే. వానదేశంలో లోపల ఆరేస్తే వాసన రాదా అన్నాను. వచ్చేది అన్నది. నీళ్లు? వీధికంతా ఒక్క నల్లా, అదీ వారంలో కొన్ని రోజులు, కొంతసేపే. మరుగుదొడ్డి? గల్లీకంతా ఒకటో రెండో. ఎవరు కడిగేవాళ్లు? ఆ ముక్క పుస్తకంలో లేదు. ఉండదు. రాసినవాళ్లు కడిగి ఉంటే రాసేవాళ్లు.

అప్పటి నుంచి రోజూ ఆ పాఠమే అడిగాను. సహజకు పరీక్షలో వచ్చేది వేరే ఉన్నా నా కోసం కాలేజీ లైబ్రరీ నుంచి ఇంకో పుస్తకం తెచ్చింది. కిటికీలకు పన్ను ఉండేదట. కిటికీలు ఎక్కువుంటే పన్ను ఎక్కువ. అందుకని ఇంటివాళ్లు ఇటుకలు పెట్టి కిటికీలు మూసేసేవాళ్లట. రాణి వచ్చినాక కొన్నేళ్లకు ఆ పన్ను తీసేశారట. తీసేసినాక ఇటుకలు తీశారా అని అడిగాను. కొన్ని ఇప్పటికీ అట్లాగే ఉన్నాయట. మనిషి ఒకసారి మూస్తే మళ్లీ తెరవడు. నాకు నవ్వు వచ్చింది.

కొన్ని ఇండ్లలో మంచం కూడా కిరాయికి ఇచ్చేవాళ్లట. పగలు పని చేసేవాడు లేచిపోతే రాత్రి పని చేసేవాడు వచ్చి పడుకునేవాడు, దుప్పటి చల్లారేది కాదు. ఇది నాకు కొత్త కాదు. మా కిరాయి గదుల్లో మొదటి దాంట్లో ఇద్దరు కార్మికులు అట్లాగే ఉంటారు, ఒకడు పగటి డ్యూటీ, ఒకడు రాత్రి డ్యూటీ. ఒక మంచం మిగిలిందని నేను మెచ్చుకున్నాను కూడా.

తర్వాత ఒకరోజు సహజ చదువుతూ చదువుతూ తానే ఆగింది.

“అమ్మమ్మా, గిది నీ గురించే రాసినట్టున్నది. అక్కడ చేనేతోళ్లు భూమిల తవ్విన అర్రల మగ్గాలు పెట్టుకునేటోళ్లట. తడిగ ఉంటే నూలు తెగదని. గాలి రానియ్యకపోయేటోళ్లట. అండ్లనే నేసి, అండ్లనే పండేటోళ్లట.”

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది.

ఆ తెల్లవాళ్లెవరో, ఆ దేశం ఎక్కడుందో నాకు తెలియదు. కానీ దారం తెగకూడదని గాలి మూసేవాళ్లు నాకు తెలుసు. మా మూడు గదులూ కార్ఖానా గోడకు ఆనించి కట్టినవే. పైన రేకులు ఒకటే, మధ్య గోడ రేకుల దాకా పోదు. నడిమి గదికి ముందర ఒక కిటికీ ఉండేది. ఎండాకాలం వడగాలి ఆ కిటికీలోంచి దూరి, గోడ పైనుంచి కార్ఖానాలోకి దిగి మగ్గాల మీది పడుగును ఆరబెట్టేది. దారాలు పటపటా తెగేవి. మా ఆయన ఉన్నప్పుడే, నేనే చెప్పి, ఇటుకలు పెట్టించి మూయించాను. పన్నుకు భయపడి కాదు, ఎవరూ చెప్పలేదు. పొదుపు అనుకున్నాను.

కార్ఖానా దుమ్ము మాత్రం అదే గోడ పైనుంచి ఆ గదిలోకి దిగుతుంది. అది నాకు ఎన్నడూ తట్టలేదు.

ఆ ఇండ్లు ఎవరివి అని సహజను అడిగాను. పెద్ద దొరలవి అంటుందనుకున్నాను. దొరలవి కొన్నేనట. చాలా ఇండ్లు చిన్నవాళ్లవట. దుకాణం ఉన్నవాళ్లవి, కొంచెం కూడబెట్టి రెండు మూడు గదులు వేసుకున్నవాళ్లవి, మొగుడు పోయిన ముసలివాళ్లవి. మరి కిరాయికున్నవాళ్లకు జబ్బు చేస్తే వాళ్లు ఏం చేసేవాళ్లని అడిగాను. ఖాళీ చేయించేవాళ్లు అన్నది. ఖాళీ చేసినవాళ్లు ఎటు పోయేవాళ్లు?

“పక్క గల్లీకి. అది ఇంక ఇరుకు” అన్నది సహజ.

ఆ రోజు ఇక చాలన్నాను. తలనొప్పి అని చెప్పాను.

రెండేళ్ల కింద నడిమి గదిలో మల్లేశం ఉండేవాడు, గంభీరావుపేట దిక్కు పిలగాడు. మా సాంచాల మీదనే పని. ఒకటే దగ్గేవాడు. గల్లీలో మాట పుట్టింది. నేను పిలిచి, అమావాస్య దాకా చూసి ఖాళీ చేయమన్నాను. గట్టిగా అనలేదు. భార్యను, సామానును తీసుకుని పోయాడు. ఎటు పోయాడో నేను అడగలేదు. గదికి సున్నం వేయించి రేణుక వాళ్లకు ఇచ్చాను. సున్నం వేయించాను కదా అనుకున్నాను.

ఆ పిలగాడి దగ్గు నాకు వచ్చిందా, నా దగ్గు ఎవరికైనా పోయిందా, ఎవరు చెప్పగలరు. నర్సును అడిగితే చెప్పలేమన్నది. కానీ నాకు గుర్తొచ్చేది అమూల్య. నా ఒడికి ఆనుకుని కూర్చునేది. కిటికీ లేని గదిలో పడుకునేది. పిల్లకు పరీక్ష చేయించమని రమేశ్‌కు ఫోన్ చేశాను. ఎందుకని వాళ్లు అడుగుతారు, నీ పేరు బయటికొస్తుంది అన్నాడు. మళ్లీ చేశాను. మళ్లీ అదే అన్నాడు.

అక్టోబర్

రెండు నెలల మందు అయినాక కళ్లె పరీక్ష చేసి, అందులో టీబీ పురుగు లేదన్నారు. మిగతా నాలుగు నెలల మందు సిరిసిల్లలోనే తీసుకోవచ్చన్నారు. సుజాత ఇంకొన్నాళ్లు ఉండమన్నది. ఉండలేదు.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని నడిమి గదికి పోయాను. రేణుక బీడీల ఆకు కత్తిరిస్తున్నది. మోకాళ్లు ఎట్లున్నాయని అడిగింది. బాగున్నాయన్నాను. గదిని ఒకసారి కొలుస్తానన్నాను. టేపు లేదు. నా పాత చీర ఒకటి తెచ్చి పరిచి చూశాను. చీర పొడుగు సగం పోగానే గోడ తగిలింది. ఆరు మూరలు, ఐదు మూరలు. అందులో పొయ్యి, మంచం, బీడీల చాట, ముగ్గురు మనుషులు. పట్టపగలు బల్బు వెలుగుతున్నది. కరెంటు ఊరికే కాల్చుతారని ఆ బల్బు గురించి నేను ఎన్నోసార్లు తిట్టాను.

మరుసటి వారం మేస్త్రీని పిలిపించి కిటికీ ఇటుకలు తీయించాను. రమేశ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దారాలు నిజంగానే తెగాయి. రమేశే గొణుక్కుంటూ తడి గోనెసంచులు తెచ్చి కార్ఖానా గోడ మీద వరుసగా వేలాడదీశాడు. పూటకోసారి తడుపుతున్నాడు. ఇంత పని అప్పుడే చేసి ఉండొచ్చు. ఇరవై ఏళ్లలో మా ఇద్దరికీ తోచలేదు.

కిటికీ తెరిస్తే అయిపోలేదు. పిల్ల ఇంకా దగ్గుతున్నది. మెడ కింద ఎముకలు కనిపిస్తున్నాయి. ఒక సాయంత్రం రేణుక గుమ్మం దగ్గరికి పోయి, పిల్లను దవాఖానకు తీసుకుపొమ్మన్నాను.

“పొయ్యి పొగకు దగ్గుతున్నది, తగ్గుతది” అన్నది.

“నేను గూడ గట్లనే అనుకున్న. పరీక్ష జేపిస్తె తెలుస్తది. రేపే పో.”

“పోతే పేరు రాసుకుంటరు పెద్దమ్మా. ఇంటికి అడుగుకుంట వస్తరు. అటెనుక మేం ఏడ ఉండాలె?”

“గీడనే ఉండుండ్రి. ఎవ్వలు పొమ్మంటున్నరు?”

“మల్లేశమన్నను గూడ పొమ్మనలేదు. అమాస దాక చూడుమన్నవ్.”

అప్పుడు చెప్పాను, నాకు వచ్చింది టీబీయే, మోకాళ్లు కాదు, మూడు నెలల నుంచి మందు మింగుతున్నానని. రేణుక కత్తెర పక్కన పెట్టింది. కోపం చేస్తుందనుకున్నాను. చాలా మెల్లగా అన్నది.

“నా బిడ్డ నీ పక్కనే కూసున్నది గద. నాకు గిప్పుడు చెప్తున్నవా? అది గూడ చాటుకు, నాకు ఒక్కదానికే. గల్లీ అంతటికి నీయి మోకాళ్ల నొప్పులే. ఇల్లున్నోళ్లకు మోకాళ్ల నొప్పులొస్తయ్, కిరాయికున్నోళ్లకు టీబీ వస్తది.”

పిల్లను లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది. ఏళ్ల తరబడి ఆ వాకిట్లో నా మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. కోపం రావాలి కదా, రాలేదు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చున్నాను.

మరునాడు పొద్దున ఆరున్నరకు నల్లా వచ్చింది. మా గల్లీ ఆడవాళ్లు పది పన్నెండు మంది బిందెలతో నిలబడి ఉన్నారు. రేణుక చివరన ఉంది. నేను బిందె లేకుండా పోయి నిలబడ్డాను. రమేశ్ వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

నాకు టీబీ వచ్చిందని చెప్పాను. జూలైలో తెలిసిందని, మోకాళ్ల నొప్పి అని అబద్ధం చెప్పానని, ఇప్పుడు నా నుంచి ఎవరికీ రాదని డాక్టర్లు అన్నారని చెప్పాను. మల్లేశాన్ని ఖాళీ చేయించడం తప్పని కూడా చెప్పాను. రేణుక బిడ్డకు పరీక్ష చేయించాలి, నా దగ్గర కూర్చున్న పిల్ల, వాళ్లు నా ఇల్లు ఖాళీ చేసేది లేదు అని చెప్పాను.

ఒకామె తన బిందెను నాకు దూరంగా జరిపింది. ఇంకొకామె, ఎదురింటి కోడలు, తన అత్తకు కూడా రెండు నెలల నుంచి దగ్గుందని, ఏ దినాల్లో పరీక్ష చేస్తారని అడిగింది. రమేశ్ నోరు కడుక్కుని లోపలికి పోయాడు.

రేణుక బిందె నింపుకుని నా పక్క నుంచే పోయింది, నన్ను చూడలేదు. తొమ్మిదింటికి నేను చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి పిల్లకు తల దువ్వి, ఆధార్ కార్డు పట్టుకుని నిలబడి ఉంది. ముగ్గురం ఆటో ఎక్కాం.

సిరిసిల్ల దవాఖానలో చీటీ రాసే అమ్మాయి పిల్ల పేరు అడిగింది, రేణుక చెప్పింది. వయసు అడిగింది, చెప్పింది. ఇంటి అడ్రస్ అడిగింది. రేణుక నా మొహం చూసింది.

మా ఇంటి నంబరు నేనే చెప్పాను.